చొక్కా గుండీలు వాడినే పెట్టుకోనివ్వండి

మేధో వైకల్యం ఉన్న పిల్లల మాట ఎత్తగానే చర్చ ఐక్యూ దగ్గరికో, థెరపీ దగ్గరికో, స్పెషల్ స్కూల్ దగ్గరికో పోతుంది. అవన్నీ కావలసినవే. కానీ ఆ బిడ్డ బతుకు ఎలా సాగుతుందో చాలావరకు తేల్చేది ఇల్లు. ఇంట్లో ప్రేమ ఉంటే చాలదు, చిన్నవైనా కొన్ని నిర్ణయాలు ఆ బిడ్డ చేతిలో ఉండాలి.

పొద్దున్నే స్కూల్ బస్సు వచ్చే టైమ్. పన్నెండేళ్ల పిల్లాడు గుండీని కాజాలో దూర్చడానికి తంటాలు పడుతుంటాడు. కింది గుండీ పై కాజాలోకి వెళ్తుంది. అమ్మ వచ్చి చకచకా పెట్టేస్తుంది. ఆమెను తప్పుపట్టలేం, బస్సు ఆగదు కదా. కానీ రోజూ ఇదే జరిగితే చొక్కాతో ఆగదు. స్నానం, తిండి, ఎవరితో ఆడాలి అన్నదాకా అన్నీ పెద్దవాళ్ల చేతుల్లోకే పోతాయి. డాక్టరు "ఎలా ఉన్నావు నాన్నా?" అని వాడినే అడిగినా జవాబు అమ్మే చెబుతుంది. వాడు ఇద్దరి మొహాలూ చూస్తూ కూర్చుంటాడు.

జీవన నాణ్యతకు అమెరికా మనస్తత్వవేత్త రాబర్ట్ షాలాక్ చెప్పిన 8 అంశాల్లో ఆరోగ్యం, ఆర్థిక స్థితి, అనుబంధాల సరసన స్వీయ నిర్ణయమూ ఉంది. ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడికలోని 7వ అధికరణ, తమకు సంబంధించిన విషయాల్లో అభిప్రాయం చెప్పే హక్కు ఈ పిల్లలకూ ఉందంటోంది. అందుకు తగిన సాయం కూడా అందాలంటోంది.

రోడ్డు, నిప్పు, మందుల విషయంలో నిర్ణయం పిల్లలకు వదల్లేమని తల్లిదండ్రులు అంటారు. నిజమే, వదలకూడదు. అయితే మాటలు రాని బిడ్డల్లో చాలామంది కూడా రెండు వస్తువులు ముందు పెడితే కావలసిన దానివైపు చూస్తారు. ఆ చూపు కోసం ఆగే ఓపిక ఇంట్లో ఉందా అన్నదే ప్రశ్న.

ఓపిక ఊరికే రాదు. నిద్ర లేక, ఉద్యోగం మానేసి, పక్కన చెయ్యి కలిపేవాళ్లు లేక నలిగిపోయిన తల్లి దగ్గర అది ఎక్కడ మిగులుతుంది? తల్లిదండ్రుల టెన్షన్‌కు పిల్లల ఐక్యూ కంటే వాళ్ల ప్రవర్తనా సమస్యలతోనే గట్టి సంబంధం ఉందని పరిశోధనలు చెబుతున్నాయి. టెన్షన్ పెరిగితే బిడ్డ ప్రవర్తన చెడుతుంది, అది చూసి తల్లికి టెన్షన్ మరింత పెరుగుతుంది. ఈ చక్రంలో ఇంకో బిడ్డ కూడా చిక్కుకుంటుంది: తమ్ముణ్ణి కనిపెట్టుకుని ఉండటమే పనిగా పెరిగే అక్క. ప్రభుత్వాలు మాత్రం కుటుంబాన్ని జీతం లేని సిబ్బందిగా లెక్కేసుకుని, ఖర్చు తప్పిందనుకుంటాయి. ఇంటి ఆడవాళ్ల చాకిరీ మీద నడిచే సంక్షేమాన్ని సంక్షేమమని ఒప్పుకోను.

అదే ఒడంబడికలోని 23వ అధికరణ కుటుంబాలకు ముందుగానే సమాచారం, సేవలు, అండ అందించాలంటోంది. అంటే తల్లికి వారంలో కొన్ని గంటలైనా ఊపిరి పీల్చుకునేలా బిడ్డను చూసుకునే శిక్షణ పొందిన మనిషి, అక్కకు తన చదువు తాను చదువుకునే వీలు, తండ్రికి పనిచేసే చోట సెలవు. బిడ్డను పరీక్షించే రోజే తల్లి రాత్రి ఎన్ని గంటలు నిద్రపోతోందో కూడా డాక్టరు ఫైల్లో రాయాలి.