వసుధైక కుటుంబానికి ఇంటిపేరు తప్పనిసరి

మన విశ్వవిద్యాలయ గ్రంథాలయాలు ప్రపంచ స్థాయికి ఎదగలేదని ఎవరైనా అంటే, వాళ్ల నోరు మూయించడానికి ఒక్క గది చాలు. రెండో అంతస్తులో జిరాక్స్ మిషను దాటాక ‘అంతర్జాతీయ విద్యార్థుల సహాయ కేంద్రం’ అని మూడు భాషల్లో బోర్డు కనిపిస్తుంది. లోపల ఒక గ్లోబు, డజను దేశాల బుల్లి జెండాలు, పాలిథిన్ కవరు ఇంకా విప్పని సోఫా. కిటికీ అద్దానికి ముక్కు ఆనిస్తే ఇవన్నీ స్పష్టంగా కనిపిస్తాయి. తలుపుకు తాళం ఉంటుంది. తాళంచెవి సూపరింటెండెంటు గారి జేబులో, ఆయన స్పాట్ వాల్యుయేషన్ డ్యూటీలో.

ఆ గది ఎందుకు పుట్టిందో తెలియనివాళ్లు ఈ వ్యాసం చదవరు కనుక వివరించను. విశ్వవిద్యాలయాలకు గ్రేడులిచ్చే న్యాక్ పేరు ఒక్కటి చాలు. బృందం వస్తోందన్న వారంలో గోడలకు సున్నం, మొక్కలకు కుండీలు, గ్రంథాలయానికి గ్లోబు.

అసలు సంగతి కౌంటర్ దగ్గర జరుగుతుంది. ఇథియోపియా రాజధాని అడిస్ అబాబా నుంచి కేంద్ర ప్రభుత్వ సంస్థ ఐసీసీఆర్ ఇచ్చే స్కాలర్‌షిప్ మీద పీజీ చదవడానికి వచ్చిన కుర్రాడు లైబ్రరీ కార్డు అడిగాడనుకోండి. ఇథియోపియాలో మన మాదిరి ఇంటిపేర్లుండవు. సొంత పేరు, ఆ వెనక తండ్రి పేరు, కావాలంటే తాత పేరు. అంతే. కానీ మన కంప్యూటర్‌లో ‘సర్‌నేమ్’ గడి పక్కన ఎర్ర నక్షత్రం ఉంది. అది నింపకపోతే తెర ముందుకు కదలదు. గుమాస్తా గారు కళ్లజోడు పైకి తోసి, “ఇంటిపేరు లేని మనిషేమిటయ్యా?” అని పక్క సీటాయన్ని అడుగుతారు. పక్కాయన కూడా తన ఎరుకలో అలాంటి మనిషిని చూడలేదంటారు. ఇద్దరూ ఆ కుర్రాణ్ణి జాలిగా చూస్తారు.

ఈ చూపు మనకు కొత్త కాదు. పాస్‌పోర్టులో పేరంతా ఇంటిపేరు గడిలోకి పోయి, రెండో గడి ఖాళీగా మిగిలిన మన పిల్లలకు అమెరికా వీసా మీద ‘ఎఫ్ఎన్‌యూ’ అని అచ్చవుతుంది. మొదటి పేరు తెలియదు అని దాని అర్థం. అది చూసి ఎన్ని ఇళ్లలో ఎంత గోల! మా బంగారానికి పేరు తెలియకపోవడమేమిటి, తెల్లవాళ్లకు బుద్ధి లేదా అని! ఆ బుద్ధి ఎక్కడ దొరుకుతుందో కనుక్కుని మన కౌంటర్‌కు కూడా రెండు కిలోలు తెప్పిస్తే బాగుండు.

చివరికి మన గుమాస్తా గారే తెలివైనవారు. ఆ గడిలో ఒక చుక్క పెట్టారు. ఫుల్‌స్టాప్. కంప్యూటర్ సంతోషించింది. ఆ రోజు నుంచి ఇంటిపేరు లేని ప్రతి విదేశీ విద్యార్థి ఇంటిపేరూ చుక్కే.

ఇక్కడో సాంకేతిక విషయం చెప్పాలి. ఈ సాఫ్ట్‌వేర్ పేరు కోహా. న్యూజిలాండ్‌లో ఒక చిన్న ప్రజా గ్రంథాలయం కోసం 1999లో రాయడం మొదలుపెట్టి, ఉచితంగా ప్రపంచానికి వదిలేశారు. కోహా అంటే మావోరీ భాషలో కానుక. దీంట్లో ఏ గడి తప్పనిసరో, ఏది కాదో తేల్చేది ఆ గ్రంథాలయమే. అడ్మినిస్ట్రేషన్ పేజీలోకి వెళ్లి, సిస్టమ్ ప్రిఫరెన్సెస్ తెరిచి, ‘బారోవర్ మ్యాండేటరీ ఫీల్డ్’ అన్న వరుసలో సర్‌నేమ్ దగ్గరున్న టిక్కు తీసేసి, సేవ్ నొక్కాలి. టీ చల్లారేలోపు అయిపోయే పని. కానీ ఆ పాస్‌వర్డు సాఫ్ట్‌వేర్ పెట్టి వెళ్లిన ఏజెన్సీ కుర్రాడి దగ్గరుంది, ఆ కుర్రాడు బెంగళూరులో వేరే ఉద్యోగంలో చేరాడు.

సర్‌నేమ్ గడైనా కోహాతో పాటు వచ్చింది. ఆధార్ గడి అలా వచ్చింది కాదు. న్యూజిలాండ్ వాళ్లకు ఆధార్ తెలియదు పాపం. మనవాళ్లే శ్రమపడి దాన్ని అదనంగా చేర్చి, దానికీ ఎర్ర నక్షత్రం తగిలించారు. నిబంధన ప్రకారం విదేశీయుడు ఆధార్‌కు దరఖాస్తు చేయాలంటే, అంతకు ముందు పన్నెండు నెలల్లో కనీసం 182 రోజులు మన దేశంలో ఉండాలి. అంటే ఆగస్టులో చేరిన విద్యార్థికి ఫిబ్రవరి దాకా ఆ అర్హతే రాదు. మొదటి సెమిస్టర్ పరీక్షలు డిసెంబరులో. ఈ లెక్కలో తప్పెక్కడుందో కనిపెట్టమని ప్రవేశ పరీక్షలో అడగొచ్చు.

పోనీ ఆధార్ బదులు విదేశీయులను నమోదు చేసుకునే ఎఫ్ఆర్ఆర్ఓ కార్యాలయం ఇచ్చే రిజిస్ట్రేషన్ కాగితం చాలంటారు. మంచిదే. దీర్ఘకాల వీసా మీద వచ్చినవాళ్లు 14 రోజుల్లో నమోదు కావాలి, దానికి విశ్వవిద్యాలయం బోనఫైడ్ ఇవ్వాలి. బోనఫైడ్ ఇచ్చే సెక్షన్‌లో ‘లైబ్రరీ నో డ్యూస్’ తెమ్మంటారు. లైబ్రరీలో కార్డే లేనివాడికి బాకీ ఎలా ఉంటుందని మీరడుగుతారు. కార్డు లేకుండా నో డ్యూస్ ఎలా ఇస్తామని వాళ్లడుగుతారు. ఇద్దరిదీ న్యాయమే. ఆ కుర్రాడు మాత్రం పరిపాలనా భవనానికీ గ్రంథాలయానికీ మధ్య వేపచెట్ల కింద తిరుగుతూ రెండు వారాల్లో క్యాంపస్ భూగోళం మొత్తం నేర్చుకుంటాడు. గ్లోబుతో పని లేకుండానే.

పుస్తకాలు పాతకాలపు మాట, ఇప్పుడంతా ఆన్‌లైన్ అంటారా? సరే. పరిశోధన జర్నళ్లకు దేశమంతటికీ ఒకే చందా కట్టే ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకానికి కేంద్ర మంత్రివర్గం 2024 నవంబరులో ఆమోదం తెలిపింది. మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు, 30 మంది ప్రచురణకర్తలు, దాదాపు 13,000 జర్నళ్లు. మన రాష్ట్ర విశ్వవిద్యాలయాలకూ వర్తిస్తుంది, 2025 జనవరి నుంచి నడుస్తోంది. క్యాంపస్ బయటి నుంచి చదవాలంటే విశ్వవిద్యాలయ గ్రంథాలయాలను కలిపే గాంధీనగర్ సంస్థ ఇన్‌ఫ్లిబ్‌నెట్ వారి ఇన్‌ఫెడ్ లాగిన్ ఉండాలి. ఆ ఖాతాలు తెరవాల్సింది విశ్వవిద్యాలయమే. విభాగాల నుంచి విద్యార్థుల పేర్లు, ఈమెయిళ్లు తెప్పించి జాబితా ఎక్కించాలి. విభాగాలకు సర్క్యులర్ వెళ్లింది, సర్క్యులర్ మీద సంతకాలు కూడా పడ్డాయి, జాబితా మాత్రం రాలేదు. క్యాంపస్ లోపలైతే లాగిన్ అక్కర్లేదు, ఐపీ చిరునామా చూసి తలుపు తెరుచుకుంటుంది. ఇంటర్నెట్ కంపెనీని మార్చిన రోజున ఐపీ చిరునామాలూ మారాయని అవతలివారికి చెప్పాల్సిన మనిషి ఉంటే.

ఆ మనిషి లేడు. వ్యంగ్యం ఇక్కడితో కాసేపు ఆపుతాను. చాలా చోట్ల రెగ్యులర్ గ్రంథపాలకుడు రిటైరై ఏళ్లు గడిచాయి. ఇన్‌చార్జి ఒక ప్రొఫెసరు గారు, ఆయనకున్న ఐదు ఇన్‌చార్జీల్లో ఇదొకటి. లైబ్రరీ సైన్సులో మాస్టర్స్ చేసి, నెట్ పాసై, ఇన్‌ఫెడ్ గురించీ కోహా గురించీ నిద్రలో అడిగినా చెప్పగలిగిన పిల్లలు ఔట్‌సోర్సింగ్‌లో డేటా ఎంట్రీ చేస్తున్నారు, జీతం ఎప్పుడు పడుతుందో తెలియకుండా. వాళ్లకు అడ్మిన్ పాస్‌వర్డు ఇవ్వరు, పర్మనెంటు కాదుగా! ఏటా ఆగస్టు 12న గ్రంథాలయ శాస్త్ర పితామహుడు రంగనాథన్ గారి ఫొటోకు దండ మాత్రం వాళ్ల చేతే వేయిస్తారు. ‘పుస్తకాలు ఉపయోగించడానికే’ అని ఆయన 1931లో మొదటి సూత్రం రాశాడు. ఆ సూత్రం కింద నిలబడి, వేల కోట్ల ప్రజల డబ్బుతో కొన్న జర్నల్‌ను ఒక విద్యార్థికి తెరిచి చూపించలేకపోవడం సిగ్గుచేటు. గ్రంథాలయోద్యమ నాయకుడు పాతూరి నాగభూషణం గారు కాలువ మీద పడవలో పుస్తకాలు పెట్టి ఊరూరా తిప్పిన నేల ఇది. ఆయన ఎవరినీ ఇంటిపేరు అడిగి పడవ ఆపలేదు.

సరే, మళ్లీ గంభీరంగా మాట్లాడుకుందాం. రాత్రి ఎనిమిదింటికి మన గ్రంథాలయంలో లైట్లు ఆర్పించే అధికారి గారబ్బాయి టెక్సాస్‌లో ఎమ్మెస్ చదువుతున్నాడు. “మావాడి లైబ్రరీ అర్ధరాత్రి దాటినా తెరిచే ఉంటుందండీ, లేని పుస్తకం అడిగితే వేరే యూనివర్సిటీ నుంచి తెప్పిస్తారు, కావాల్సిన అధ్యాయం స్కాన్ చేసి మెయిల్ పెడతారు” అని ఆయన మురిసిపోతారు. నిజమే. మన దేశంలోనూ అదే పనికి 1988 నుంచి డెల్‌నెట్ ఉందని ఆయనకు గుర్తుచేయకండి. సభ్యత్వ రుసుము ఫైలు ఆయన బల్ల మీదే ఉంది.

చుక్క సంగతి మరిచిపోయాననుకోకండి. ఆలస్య రుసుము బాకీల జాబితా కంప్యూటర్ ఇంటిపేరు వరుసలోనే తీస్తుంది. అక్షరాలన్నిటికంటే ముందు వచ్చేది చుక్క. అందుకని నోటీసు బోర్డు మీద ఏ నెల చూసినా ఇథియోపియా, అఫ్గానిస్థాన్ పిల్లలే మొదట ఉంటారు, ఒకరు రెండు రూపాయలు, ఒకరు ఐదు. మూడు వేలు బాకీ ఉన్న మన వై అక్షరం వారు నాలుగో పేజీ అడుగున హాయిగా ఉంటారు.

ఆ మధ్య తనిఖీ బృందం వచ్చినప్పుడు ఒక పెద్దాయన ఆ బోర్డు ముందు ఆగారట. మొదటి పదకొండు పేర్లకూ ఒకటే ఇంటిపేరు ఉందే, వీళ్లంతా ఒకే కుటుంబమా అని అడిగారట.

“వసుధైక కుటుంబం సార్” అన్నారు ఇన్‌చార్జి గారు.

పెద్దాయన దాన్ని రాసుకున్నారు.