సవరణ: పీఎస్‌ఏ పెరిగితే క్యాన్సరేనని కాదు

ప్రోస్టేట్ (మగవాళ్లలో మూత్రాశయం కింద ఉండే గ్రంథి) వాపు గురించి మొన్న పెట్టిన పోస్టులో, పీఎస్‌ఏ (ప్రోస్టేట్ తయారుచేసే ప్రోటీన్, రక్తపరీక్షలో కొలుస్తారు) 4 దాటితే క్యాన్సరేనని రాశాను. అది తప్పు. ఇన్ఫెక్షన్‌తో ప్రోస్టేట్ వాచినా పీఎస్‌ఏ బాగా పెరుగుతుంది, నొప్పి తగ్గాక కూడా దిగిరావడానికి వారాలు పడుతుంది. అందుకే మందుల కోర్సు అయ్యాక 6 నుంచి 8 వారాలకు మళ్లీ పరీక్ష చేయిస్తారు. యూరాలజీ డాక్టర్లు పాటించే పద్ధతి ఇదే. అప్పటికీ దిగకపోతే క్యాన్సర్ ఉందేమో చూస్తారు.

ఆ పోస్టు చదివి కనిగిరి వైపు ఒక పెద్దాయన రిపోర్టులో 11 చూసుకుని టెన్షన్‌తో అన్నం మానేశారట. ఆయనకు జ్వరం, మూత్రంలో మంట కూడా ఉన్నాయి. ఇలాంటప్పుడు ముందు మూత్రం కల్చర్ (ఏ క్రిమి వల్ల ఇన్ఫెక్షన్ వచ్చిందో తేల్చే పరీక్ష) చేయించాలి. మంట తగ్గిందని యాంటీబయాటిక్ మధ్యలో ఆపొద్దు. చలిజ్వరంతో మూత్రం బిగుసుకుపోతే మాత్రం తెల్లారేదాకా ఆగకుండా ఒంగోలుకో, నెల్లూరు పెద్దాసుపత్రికో తీసుకెళ్లండి.