ఎరువు అడిగితే ఉపదేశమా?

2025 వానాకాలంలో తెలంగాణ సొసైటీల ముందు చెప్పులు, పాసుపుస్తకాలు వరుసలో పెట్టి రైతులు యూరియా కోసం కాసిన పడిగాపులను పాఠకులకు మళ్లీ వివరించనక్కరలేదు. చాలినన్ని కట్టలు తెప్పించలేకపోయిన ప్రభుత్వాలు తప్పును అతివాడకం పేరిట రైతు మీదికి నెట్టడమే మమ్మల్ని కలవరపరుస్తోంది.

అతివాడకం ఉన్న మాట నిజమే. యూరియా అందించే నత్రజని మోతాదు మించిన పైరు ముదురాకుపచ్చగా ఏపుగా పెరిగి కంటికి ఇంపుగా కనిపించినా, కాండం మెత్తబడి గాలివానకు పడిపోతుంది. అగ్గితెగులు, సుడిదోమ తేలిగ్గా ఆవరిస్తాయి. కానీ ఈ అలవాటు చేసిందెవరు? 2010లో పోషకాల ఆధారిత సబ్సిడీ (ఎరువులోని పోషకాల మేరకు రాయితీ ఇచ్చే పద్ధతి) తెచ్చినప్పుడు యూరియాను దానినుంచి మినహాయించింది కేంద్రమే. 45 కిలోల యూరియా కట్ట రూ.266.50కు, 50 కిలోల డీఏపీ బస్తా రూ.1,350కు అమ్మించే విధానాన్ని కొనసాగిస్తూ, రైతు చవకైన కట్టవైపే మొగ్గుతున్నాడని నిందించడం రెండు నాల్కల ధోరణి.

వరికి నత్రజని వేళకు అందాలి. దమ్ములో కొంత, పిలకలు వేసేటప్పుడు కొంత, కాండంలో కంకి అంకురం ఏర్పడే దశలో మిగతాది వేయమని చెప్పేది వ్యవసాయ శాఖే. పిలకల దశ దాటాక చేతికందిన కట్ట తప్పిపోయిన పిలకలను తిరిగి తేలేదు. అంకురం దశలో లోపిస్తే కంకికి గింజలు తగ్గుతాయి. పైగా, మళ్లీ దొరుకుతుందో లేదోనన్న భయంతో రైతు దొరికినదంతా ఒకేసారి చల్లేస్తాడు. అంటే ఏ అతివాడకాన్ని తప్పుపడుతున్నారో, దాన్ని పెంచుతున్నది ఈ కొరతే. నీళ్లున్న మడిలో అలా చల్లిన యూరియాలో సగానికి పైగా పైరుకు అందకుండానే పోతుంది.

ఏటా 12.7 లక్షల టన్నుల సామర్థ్యమున్న రామగుండం యూరియా కర్మాగారం ఆ సీజన్‌లోనే సాంకేతిక లోపంతో ఆగిపోతే, ప్రత్యామ్నాయ సరఫరాను ముందే సిద్ధం చేయాల్సింది కేంద్రం కాదా? పంపకంలో చేతులెత్తేసిన రాష్ట్రం ఢిల్లీని వేలెత్తి చూపితే సరిపోతుందా? పొదుపు కోరుకునే ప్రభుత్వమైతే ఆకు పచ్చదనాన్ని పోల్చి నత్రజని అవసరాన్ని తెలిపే ఆకు రంగు పట్టికను ప్రతి రైతుకూ అందించేది; పచ్చిరొట్ట ఎరువుగా పనికొచ్చే జీలుగ, జనుము విత్తనాలను తొలకరికి ముందే ఊరికి చేర్చేది. అవి సరిగా చేయనివారికి, ఎండలో నిలబడ్డ రైతుకు మితం బోధించే అర్హత లేదు. ముందు కట్టలు పంపండి, ధరల వక్రతను సరిచేయండి. నీతులు ఆ తర్వాత చెబుదురు గాని.