ముక్తాయింపు దొరకని పాట

నా తల నా అదుపులో ఉండదని, పక్కవాడు బాగా వాయిస్తే అది దానంతటదే ఊగుతుందని మా గురువుగారు నా పదిహేనో ఏటనే కనిపెట్టారు. పక్కవాద్యం వాయించేవాడికి అది దోషం కాదనీ, పాడేవారికి దాన్ని మించిన బలం మందు లేదనీ కూడా ఆయనే అన్నారు. ఆ తల ఒక రాక్ బృందం కచేరీని మొదటి పాటతోనే ఆపించగలదని మాత్రం ఆయన చెప్పలేదు. ఆయనకు తెలిసే అవకాశమూ లేదు పాపం, ఆయన బెజవాడ దాటి వాయించింది తక్కువ.

నేను బెజవాడలో మృదంగం నేర్చుకుని, అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటూ, ఏటా త్యాగరాజ ఆరాధనకు గుడిలో పంచరత్నాలకు వాయించి, మిగతా పదకొండు నెలలూ వాద్యాన్ని మంచం కింద ఉంచే మనిషిని. మా ఆఫీసులో నా పక్క సీటాయన గిటారు వాయిస్తాడు. ఆయనకు నలుగురు సభ్యుల జామ్ బ్యాండ్ ఒకటి ఉంది. జామ్ బ్యాండ్ అంటే పాటను సాకుగా పెట్టుకుని, ఎటు తోస్తే అటు వాయించుకుంటూ పోయే బృందమని నాకు అర్థమైంది. ఈ సంప్రదాయానికి ఆదిపురుషులు 1965లో కాలిఫోర్నియాలో పుట్టిన గ్రేట్‌ఫుల్ డెడ్ వారు. వారి ‘డార్క్ స్టార్’ పాట 1968లో రికార్డుగా వచ్చినప్పుడు మూడు నిమిషాలు కూడా లేదు. మరుసటి సంవత్సరం వచ్చిన కచేరీ రికార్డులో అదే పాట 23 నిమిషాలు నడిచింది. ఆ దారినే వచ్చిన ఫిష్ బృందం 1999 డిసెంబర్ 31న ఫ్లారిడాలో అర్ధరాత్రి మొదలుపెట్టి, ఏడు గంటలకు పైగా ఏకధాటిగా వాయించి, సూర్యుణ్ణి లేపి గాని దిగలేదు. ఇదంతా నా సహోద్యోగి నేను నోరు వెళ్ళబెడతానని ఆశించి చెప్పాడు గానీ, ఒక్క పంక్తి పల్లవిని గంటసేపు తిప్పే సంగీతంలో పెరిగినవాడికి ఇందులో వింత ఏముంటుంది? తెనాలి వైపు పౌరాణిక నాటకాల్లో కృష్ణుడు పద్యం చివర రాగం అందుకున్నాడంటే, అర్జునుడు తెర వెనక్కి వెళ్ళి చుట్ట కాల్చుకుని తాపీగా తిరిగి వచ్చేవాడని మా తాతగారు చెప్పేవారు.

నన్ను తమతో వాయించమనడానికి ఆయన దగ్గర ఒక బలమైన ఆధారం ఉంది. గ్రేట్‌ఫుల్ డెడ్ డ్రమ్మర్లు ఇద్దరిలో ఒకరైన మికీ హార్ట్, తబలా జాకిర్ హుస్సేన్ గారితోనూ ఘటం విక్కు వినాయకరామ్ గారితోనూ కలిసి 1991లో ‘ప్లానెట్ డ్రమ్’ అనే ఆల్బమ్ చేశాడు. ప్రపంచ సంగీతం విభాగంలో మొట్టమొదటి గ్రామీ దానికే వచ్చింది. విక్కుగారి ఘటం ఉన్నచోట నా మృదంగం ఎందుకు ఉండకూడదన్నది మా గిటారాయన తర్కం. తర్కంలో లోపమేమీ లేదు, విక్కుగారికీ నాకూ మధ్య ఉన్న దూరాన్ని లెక్కలోకి తీసుకోలేదంతే. నా మృదంగం రెండు శ్రుతికి ఉంటుందని నేను, అయితే పాటలన్నీ ‘డి’ శ్రుతిలో వాయిస్తామని ఆయన అనుకుని, రెండూ ఒకటేనని తెలిసి ఇద్దరమూ ఆనందించాము. శ్రుతి కలిసింది కాబట్టి ఇక అన్నీ కలిసినట్టేనని మేము అనుకోవడమే మొదటి పొరపాటు.

ఆ రోజుల్లోనే ఒక మోస్తరు పేరున్న బృందం మూడు ఊళ్ళకు పర్యటనకు వెళుతూ, తమకంటే ముందు వాయించే ఓపెనింగ్ బ్యాండుగా మావాళ్ళను పిలిచింది. ముందు వాయించేవాడి బతుకు ఎంతటివాడికైనా ఒకటే. గిటారు వాయించడంలో జిమీ హెండ్రిక్స్ అంతటివాడు 1967లో మంకీస్ బృందానికి ముందు వాయించబోతే, వారి కోసం వచ్చిన పిల్లలు వారినే పిలుస్తూ కేకలు పెట్టారు. ఆయన కొద్ది కచేరీలతోనే నమస్కారం పెట్టి వచ్చేశాడు. ఫిష్ వారు కూడా 1992 వేసవిలో సంటానా అనే గిటారు విద్వాంసుడి బృందానికి ముందు వాయించినవారే. సౌండ్ చెక్ కూడా తిరగేసి జరుగుతుంది. అసలు బృందం ముందు వచ్చి తమ సరంజామా అంతా అమర్చుకుని, మధ్యాహ్నమంతా తీరుబడిగా మైకులు సరిచూసుకుంటుంది. ఆ తరువాత వాళ్ళ డ్రమ్ములకు ముందు, స్టేజీ అంచున మిగిలిన రెండు బారల జాగాలో ముందు వాయించేవారు సర్దుకోవాలి. పెళ్ళివారు దిగాక పందిట్లో మిగిలిన మూల బ్యాండు మేళానికి ఇచ్చినట్టన్నమాట. నేను కింద కూర్చుని వాయించేవాణ్ణి కాబట్టి జనానికి కనపడనని, నా కోసం జానెడు ఎత్తున్న చిన్న వేదిక ఒకటి తెచ్చి పెట్టారు. దానికి నాలుగు చక్రాలున్నాయి. మా వంతు కాగానే చప్పున తోసేయడానికి వీలుగా ఉంటుందన్నారు. ఆ మాటను నేను అప్పుడే మరికాస్త శ్రద్ధగా విని ఉండవలసింది.

మాకు ఇచ్చిన సమయం 35 నిమిషాలు. ఒక్క నిమిషం దాటినా ఊరుకోరని, హాలు మూసే వేళ దాటితే జరిమానా కట్టాలని, స్టేజీ మేనేజరు ముందే చెప్పాడు. జామ్ బ్యాండును పిలిచి 35 నిమిషాల్లో ముగించమనడం, హరిదాసు గారిని పిలిచి పెళ్ళికొడుకు కారు దిగి విడిదింట్లోకి వెళ్ళేలోగా సీతాకల్యాణం పూర్తి చేయమన్నట్టు ఉంటుంది. అయినా మావాళ్ళు ఆశాజీవులు. ఒక కాగితం మీద నాలుగు పాటలు రాసి స్టేజీ మీద నేలకు టేపుతో అంటించారు.

మొదటి ఊళ్ళో మేము వాయించేటప్పటికి హాల్లో పదకొండు మంది ఉన్నారు. వారిలో ఇద్దరు మైకులవారు, ఒకడు మా బావమరిది. ఆ ఊరి గురించి ఇంతకంటే చెప్పవలసింది ఏమీ లేదు.

రెండో ఊళ్ళో కథ హాలు వెనక తలుపు దగ్గరే మొదలైంది. మృదంగం ఎడమ వైపు చర్మానికి, అంటే తొప్పికి, బొంబాయి రవ్వ తడిపి ముద్ద చేసి అంటిస్తే గాని గుంకీ అనే లోతైన నాదం పలకదు. అందుకని నా సంచిలో ఒక ప్లాస్టిక్ పొట్లం ఉంది. జామ్ బ్యాండ్ కచేరీ గుమ్మంలో సంచిలోంచి తెల్లటి పొడి బయటపడటం ఆ తలుపు దగ్గరి సెక్యూరిటీ ఆయనకు కొత్త కాదేమో గానీ, దొరికినవాడు దాన్ని వాద్యానికి పూస్తానని చెప్పడం మాత్రం కొత్తే అయి ఉండాలి. మా బావమరిది నన్ను కాపాడబోయి, అది తినేదేనని, దానితో తాము ఇంట్లో ఉప్మా చేసుకుంటామని చెప్పాడు. తినేదాన్ని పూయడమెందుకని ఆయన, పూసేదాన్ని తింటారా అని ఆయన పక్కనున్న రెండో ఆయన, ఇద్దరూ కలిసి పొట్లాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూడసాగారు. చివరికి నేను అక్కడే సీసాలో నీళ్ళతో చిటికెడు రవ్వ తడిపి, తొప్పి మీద అంటించి, ఒక ధీంకారం వినిపించాను. సెక్యూరిటీ ఆయన మొహం వెలిగిపోయింది. మొత్తం వినాలని ఉంది గానీ, తన డ్యూటీ ఈ వెనక తలుపు దగ్గరే కాబట్టి లోపలికి రావడానికి వీలుండదని ఎంతో బాధపడుతూ పొట్లం తిరిగి ఇచ్చాడు.

ఆ సాయంత్రం హాలు సగానికి పైగా నిండింది. మొదటి పాట, గిటారువాళ్ళు కార్డులనే స్వరాల గుంపులు రెండింటి మీదే, మన ఆదితాళానికి ఇబ్బంది లేని నడకలో మొదలైంది. నేను సర్వలఘువులో, అంటే తాళంతో పాటు సాగే మామూలు నడకలో పడి హాయిగా సాగుతున్నాను. పాట మాటలు రెండు నిమిషాల్లో అయిపోయి, గిటారాయన విహారానికి బయలుదేరాడు. ఇందులో రెండు రకాలున్నాయని అభిమానులు చెబుతారు. పాట చట్టంలోనే తిరిగి ఇంటికి వచ్చేది ఒకటో రకం, పాటనే వదిలేసి ఎటో వెళ్ళిపోయేది రెండో రకం. ఒకటో రకం మనం కల్పనస్వరం వేసి ఎత్తుగడకు వచ్చి చేరడం లాంటిది కాబట్టి నాకు భయం లేదు. ఈ విహారం ముగించే పద్ధతి ఏమిటంటే, చాలనుకున్నవాడు తలెత్తి మిగతావారి కళ్ళలోకి చూస్తాడు, వాళ్ళు తలూపితే అందరూ కలిసి పాట మొదటికి వస్తారు. తల అడ్డంగా ఊగితే ఇంకో చుట్టు అని అర్థమట. ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. అందరికీ తెలిసినదే కదా అనుకున్నారట.

గిటారాయన ఒక అందమైన సంగతి వేసి, ఇక చాలా అన్నట్టు నా వైపు చూశాడు. ఆ సంగతి అలాంటిది మరి. నా తల ‘ఆహా’ అన్నట్టు ఎడమకూ కుడికీ ఊగింది. ఆయన మరింత ఉత్సాహంగా ఇంకో చుట్టు అందుకున్నాడు. అది మొదటిదాని కంటే బాగుంది, నా తల మళ్ళీ ఊగింది. ఇలా పన్నెండు నిమిషాలు గడిచాక కీబోర్డు కుర్రాడు పాపం ముగిద్దామని నా వైపు చూశాడు. అతని చెయ్యి కూడా మంచి చెయ్యే.

ఇరవయ్యో నిమిషానికి నాకే అనుమానం వచ్చి, పాటను ఒడ్డుకు చేర్చే బాధ్యత నాదేననుకుని ముగింపుకు దారితీసే మోరా వేసి, ముగింపు జతి అయిన ముక్తాయింపు అందుకున్నాను. మన పద్ధతిలో ఒకే ముక్తాయింపు మూడుసార్లు వేస్తే, మూడోసారికి సమం మీద, అంటే తాళం మొదటి దెబ్బ మీద, అందరూ వచ్చి వాలుతారు, అంతటితో సరి. మావాళ్ళకు అది ముగింపని ఎలా తెలుస్తుంది? మొదటిసారి విని ఉలిక్కిపడ్డారు, రెండోసారి ఒకరినొకరు చూసుకుని నవ్వారు, మూడోసారి నేను సమం మీద వాలేసరికి, ఆ ఊపులో పాటనే వదిలేసి రెండో రకంలోకి దూకారు. ఇక ఒడ్డు ఎక్కడ ఉందో నలుగురిలో ఎవరికీ తెలియదు.

ఈలోగా స్టేజీ పక్క చీకట్లోంచి ఎవరో టార్చిలైటు ఆడించడం మొదలుపెట్టారు. నిదానంగా, లయ తప్పకుండా, ఒక దెబ్బకూ మరో దెబ్బకూ సమానమైన ఎడంతో ఆడిస్తుంటే, ఎవరో రసికుడు తాళం వేస్తున్నాడనుకుని అతని వైపు కూడా మెచ్చుకోలుగా తలూపాను. కాసేపటికి అతను రెండో కాలం అందుకున్నాడు. నేనూ అందుకున్నాను. అతను స్టేజీ మేనేజరని, అది పది నిమిషాల హెచ్చరికని, తరువాతది అయిదు నిమిషాల హెచ్చరికని నాకు తెలిసింది మర్నాడు. సరిగ్గా అప్పుడే, మావాళ్ళు అలసిపోయి కాస్త మెల్లబడిన క్షణంలో, తెనాలిలో నాటకాలు చూసి పెరిగిన మా బావమరిది హాలు మధ్యలోంచి లేచి నిలబడి “ఒన్స్ మోర్!” అని అరిచాడు. అతని చుట్టూ ఉన్న కుర్రకారు కూడా అందుకున్నారు. బేసు గిటారాయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇన్నేళ్ళ ఓపెనింగ్ బతుకులో ఆయన్ను ఎవరూ ఆ మాట అనలేదట.

ముప్పై ఏడో నిమిషంలో స్టేజీకి కరెంటు తీసేశారు. గిటారు, బేసు, కీబోర్డు ఒక్కసారిగా మూగబోయాయి, డ్రమ్మరు తలెత్తి సంగతి గ్రహించి కర్రలు దించేశాడు. కరెంటుతో పని లేకుండా ఇంకా మోగుతున్న వాద్యం నాదొక్కటే. పైగా నేను అప్పటికి కళ్ళు మూసుకుని ఉన్నాను. మా సంగీతంలో మిగతావారందరూ వాయించడం ఆపేశారంటే దానికి ఒక్కటే అర్థం, మృదంగం ఒంటరిగా వాయించుకునే తని ఆవర్తనం వదిలారు! అడగకుండానే వదిలిన ఆ పెద్దమనసుకు నాకు గుండె నిండిపోయింది. హాల్లో చప్పట్లు కూడా మోగాయి. అవి దేనికో ఇప్పుడు నాకు తెలుసు గానీ, అప్పుడు తని ఆవర్తనానికి స్వాగతమనే అనుకున్నాను. మూడు లెక్క నడకైన తిశ్రంలోకి వెళ్ళాను, అయిదు లెక్క నడకైన ఖండంలోకి వెళ్ళాను. ఎక్కడో దూరంగా మరేదో పాట మొదలైనట్టు వినిపించింది గానీ, మావాళ్ళు మళ్ళీ రెండో రకంలోకి వెళ్ళారేమోనని పట్టించుకోలేదు. మధ్యలో ఒళ్ళు తేలిపోతున్నట్టు, నేల మెత్తగా జారిపోతున్నట్టు, చెంపలకు చల్లటి గాలి తగులుతున్నట్టు అనిపించింది. నాదంలో లీనం కావడమంటే ఇదేనని మా గురువుగారు చెప్పింది గుర్తుకు వచ్చి, ఆ ఆనందంలోనే మోరా వేసి, ముక్తాయింపు మూడుసార్లూ చుక్క తప్పకుండా ముగించి, సమం మీద వాలి కళ్ళు తెరిచాను.

ఎదురుగా చెత్త డబ్బా ఉంది. దాని పక్కన, లారీలకు సామాను ఎక్కించే ఆ వెనక తలుపు దగ్గర, సెక్యూరిటీ ఆయన కుర్చీలోంచి లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నాడు. నా వేదికను అక్కడి దాకా తోసుకొచ్చిన ఇద్దరు కుర్రాళ్ళు, ఆపమని చెప్పడానికి మొహమాటపడి, వాయించడం ఎప్పుడవుతుందా అని గోడకు ఆనుకుని చూస్తున్నారు. అంతలో మా బావమరిది మృదంగం గలీబు చంకలో పెట్టుకుని రొప్పుతూ పరుగెత్తుకొచ్చాడు.

“తని ఆవర్తనం మొదలవగానే జనం కాఫీకి లేచి వెళ్ళడం చూశాను గానీ బావగారూ, విద్వాంసుణ్ణే బయటికి తోసుకెళ్ళడం ఇదే చూడటం,” అన్నాడు.

సెక్యూరిటీ ఆయనకు తెలుగు రాదు కాబట్టి ఆ మాటను పట్టించుకోలేదు. తనకు చివర్లో కొంచెమే వినబడిందని, ఈ తలుపు దగ్గర తనకు ఇంకా మూడు గంటల డ్యూటీ ఉందని, అభ్యంతరం లేకపోతే మొదటి నుంచి మళ్ళీ వాయించగలనా అని ఎంతో మర్యాదగా అడిగాడు. రేపు పొద్దున్నే మూడో ఊరికి నాలుగు గంటల ప్రయాణం ఉందని, చేతులు లాగేస్తున్నాయని చెబుదామని నోరు తెరిచాను గానీ, అప్పటికే నా తల ఊగింది.