పెంట్‌హౌస్ గారికి అద్దెకున్నవాడి లేఖ

మహారాజశ్రీ పెంట్‌హౌస్ గారికి,

తిరుపతి భవానీనగర్‌లో మూడో అంతస్తు మీద, నీళ్ల ట్యాంకుకూ బట్టలారేసే తీగకూ మధ్య మీలో కాపురముంటున్న నేను రాసుకునేది.

టు-లెట్ బోర్డు మీద మీ పేరు చూసి మురిసిపోయానండీ. సినిమాల్లో హీరోలు ఉండేది మీలోనే కదా! తీరా చూస్తే ఒక గది, పైన రేకులు. మే నెలలో రాత్రి పదకొండింటికి గోడ మీద చెయ్యి పెడితే దోసె పెనమే. మధ్యాహ్నం కొళాయి నీళ్లకు టీ పొడి వేస్తే చాలు. ఊర్నుంచి మా అవ్వ ఫోన్ చేసి, "అదేం పేరు నాయనా, పెంట హౌసా?" అంది.

ఓనర్ మోసం చేశాడని కొన్నాళ్లు తిట్టుకున్నాను. నిన్న కరెంటు పోయినప్పుడు మీ పుట్టుపూర్వోత్తరాలు చదివాను. పాత ఫ్రెంచిలో మీరు 'అపెంటిస్', అంటే పెద్దింటి గోడకు ఆనించి వాలుగా దించిన కప్పు. మా తాళ్వారమే! 'హౌస్'తో మీకు చుట్టరికమే లేదు, చెవికి అలా వినబడి జనం తగిలించారు. ఏసుక్రీస్తు పుట్టిన పశువుల పాకను కూడా పాతకాలపు ఇంగ్లీషువాళ్లు మీ పేరుతోనే పిలిచారట. అంటే అర్థం మార్చింది కోటీశ్వరులు. మా ఓనర్ ఒక్కడే నిఘంటువుకు కట్టుబడ్డాడు.

మీ బంధువర్గమూ అంతే. స్కైస్క్రేపర్ మొదట ఓడ కొయ్య చిట్టచివర కట్టే చిన్న తెరచాప. తర్వాత పొడుగు గుర్రాలకూ, పొడుగు మనుషులకూ ఆ పేరే. 1880లలో చికాగో భవనాలకు అంటుకుంది. వాటిలో పేరుమోసిన 1885 నాటి హోమ్ ఇన్సూరెన్స్ బిల్డింగుకు కట్టినప్పుడు ఉన్నవి పది అంతస్తులే. అంతకు రెండొందల ఏళ్ల ముందే ఏడంతస్తులు లేచిన మా గోవిందరాజస్వామి గోపురం, ఆకాశాన్ని గీకుతున్నానని ఎవరితోనూ చెప్పుకోలేదు. అపార్ట్‌మెంటుకు మూలం ఇటాలియన్‌లో 'వేరుగా' అనే మాట. కింది ఫ్లాటులో ఎవరు ఎవరితో మాట్లాడటం మానేశారో నాకు మొత్తం తెలుసు.

మనవాళ్లు నయం. సుధ అంటే సున్నం, సున్నం పూసింది సౌధం. ఆ లెక్కన కొయ్య వాడకుండా రాయి, ఇటుక, సున్నంతో కట్టిన చంద్రగిరి రాజమహలు అచ్చమైన సౌధం. సంక్రాంతికి ఓనర్ కొట్టించిన సున్నం ఇంకా నా చొక్కాలకు అంటుతోంది కాబట్టి, మీరూ సౌధమే.

ఒక్క విన్నపం. "పెంట్‌హౌస్ కదా సార్, పైగా కొండ కనిపిస్తుంది" అంటూ ఆయన వచ్చే నెల నుంచి అద్దె ఐదొందలు పెంచుతాడట. ఈ ఫ్రెంచి సంగతి ఆయనకు చెప్పే ధైర్యం నాకు లేదు. గాలివాన రాత్రి రేకులు టపటపలాడించి మీరే చెప్పండి.

ఇట్లు,
మీ తాళ్వారంలో మనిషి