170 జతల బూట్లు, 51 టన్నుల అట్ట

పిల్లల బూట్లు. అడుగేస్తే మడమ దగ్గర ఎర్రలైటూ నీలంలైటూ మినుకుమినుకుమంటాయి. అమ్ముతున్నది అన్నదమ్ములు: అన్న కంప్యూటర్ ముందు, తమ్ముడు ప్యాకింగ్ బల్ల దగ్గర. ఆన్‌లైన్‌లో జర్మనీకి నెలకు పది, పదిహేను జతలు పోతున్నాయి. స్టాకు నిండుగా ఉంది, రేటింగ్ బాగుంది, వాపసులు తక్కువ. ఇంతలో ఒక సోమవారం పొద్దున్నే పేజీ మీద ‘ప్రస్తుతం అమ్మకానికి లేదు’ అని పడింది. ధర తప్పు పడిందా, ఫొటో నచ్చలేదా, ఎవడైనా ఫిర్యాదు చేశాడా అని అన్న గంటసేపు కిందామీదా పడ్డాక మెయిల్ కనబడింది. అందులో బూట్ల ఊసే లేదు. అడుగుతున్నది డబ్బా గురించి.

“డబ్బా మనం చెయ్యలేదు కదన్నయ్యా, కొన్నాం. చేసినవాణ్ణి అడగమను.”

తమ్ముడి వాదన సబబుగానే ఉంది గానీ చట్టంలో దానికి చోటు లేదు. జర్మనీ ప్యాకేజింగ్ చట్టం లెక్కలో ఉత్పత్తిదారు అట్టపెట్టె చేసిన ఫ్యాక్టరీ కాదు. అందులో సరుకు నింపి మొదటిసారి జర్మనీ మార్కెట్లోకి పంపినవాడు. విదేశం నుంచి నేరుగా కొనుగోలుదారు ఇంటికి పంపితే బయటి అట్టపెట్టె, లోపలి బూట్ల డబ్బా, బూటులో కుక్కిన కాగితం, టేపు, చిరునామా పౌచ్ అన్నీ అమ్మినవాడి ఖాతాలోకే వస్తాయి. అవన్నీ చివరికి పడేది అక్కడి ఇంటి చెత్తలో. దాన్ని ఎత్తి, వేరుచేసి, మళ్లీ వాడకంలోకి తెచ్చే ఖర్చును అక్కడి అమ్మకందారులు కిలోల లెక్కన కడుతున్నారు. బయటి దేశాల పెట్టెలు మాత్రం టికెట్టు లేకుండా ప్రయాణం చేస్తున్నాయని వాళ్ల గోల. న్యాయమైన గోలే.

ఈ చట్టం 2019 జనవరి 1 నుంచి ఉంది. 2022 జూలై 1న దాన్ని మార్కెట్‌ప్లేస్‌ల, అంటే ఆన్‌లైన్‌లో సరుకు అమ్మించే ప్లాట్‌ఫామ్‌ల మెడకు కూడా చుట్టారు: ప్యాకేజింగ్ రిజిస్టర్లో పేరు లేనివాడి సరుకు పేజీలో ఉంచకూడదు. అప్పటినుంచి ప్లాట్‌ఫామ్‌లకు చట్టం మీద ఎక్కడలేని భక్తి పుట్టుకొచ్చింది. ‘మేం చిన్నవాళ్లం’ అనే మాట ఇక్కడ చెల్లదు, కనీస పరిమితి అనేదే లేదు. ఏడాదికి ఒక్క పార్సెల్ పంపినా రిజిస్టర్ కావాల్సిందే. కాకపోతే జరిమానా 1,00,000 యూరోల దాకా, రీసైక్లింగ్ వ్యవస్థలో చేరకపోతే 2,00,000 యూరోల దాకా ఉంటుంది.

అన్న ఆ అంకెలు చదివి, ఎవరికైనా డబ్బిచ్చి రిజిస్ట్రేషన్ చేయించేద్దామనుకున్నాడు. కుదరదు. ఓస్నబ్రూక్‌లో ఉన్న కేంద్ర ప్యాకేజింగ్ రిజిస్టర్ కార్యాలయం నడిపే ‘లూసిడ్’ పోర్టల్లో ఎవరి పేరు వాళ్లే నమోదు చేసుకోవాలి. పైసా ఫీజు లేదు. కంపెనీ పేరు, చిరునామా, పన్ను నంబరు, ఏ బ్రాండ్ పేరుతో పంపుతున్నారో ఇవ్వాలి. డబ్బా మీద బ్రాండ్ ఏదీ లేకపోతే కంపెనీ పేరే రాయాలి. పని పూర్తయితే ‘డీఈ’ అక్షరాల తర్వాత 13 అంకెలున్న నంబరు వస్తుంది.

నంబరు వచ్చింది. అన్న దాన్ని మార్కెట్‌ప్లేస్‌లో అతికించాడు. తిరస్కరించారు. మళ్లీ అతికించాడు. మళ్లీ తిరస్కరించారు. లూసిడ్‌లో కంపెనీ పేరు ‘బ్రదర్స్’తో ముగిసింది, మార్కెట్‌ప్లేస్ ఖాతాలో ఆ పక్కన ‘అండ్ కో’ ఉంది. పోల్చి చూసేది మనిషి కాదు కాబట్టి బతిమాలడానికి ఎవరూ ఉండరు. పన్ను కాగితాల మీద పేరు ఎలా ఉందో రెండుచోట్లా అక్షరం పొల్లుపోకుండా అలాగే ఉండాలి. ఈ ఒక్క కారణంతో వారాలు పోగొట్టుకున్నవాళ్లు ఎందరో. చట్టం చదివినంత శ్రద్ధగా తమ పేరు తాము చదువుకుని ఉంటే సరిపోయేది.

పేజీ తెరుచుకుంది. పని అయిపోయిందని ఇద్దరూ అనుకున్నారు. సగం కూడా కాలేదు. లూసిడ్ నంబరు అంటే రిజిస్టర్లో పేరు ఎక్కడం వరకే. చెత్త ఎత్తే ఖర్చు కట్టించుకునేవి ‘ద్వంద్వ వ్యవస్థలు’ అనే వేరే సంస్థలు. అవి కొన్ని ఉన్నాయి, వాటిలో ఒకదానితో ఒప్పందం చేసుకోవాలి. ఈ ఏడాది ఏ పదార్థం ఎన్ని కిలోలు పంపబోతున్నారో అంచనా చెప్పి డబ్బు కట్టాలి. తర్వాత అవే కిలోలు, అదే కాలవ్యవధి, ఆ సంస్థ పేరుతో సహా మళ్లీ లూసిడ్‌లో నమోదు చేయాలి. ఏడాది ముగిశాక నిజంగా పంపినదెంతో రెండుచోట్లా చెప్పాలి. రెండుచోట్లా చెప్పిన లెక్కలు పక్కపక్కన పెట్టి చూసేవాళ్లు ఉన్నారు.

ఇక తూకం. తమ్ముడు వంటింట్లో డిజిటల్ కాటా పట్టుకొచ్చాడు. బయటి అట్టపెట్టె 160 గ్రాములు, బూట్ల డబ్బా 110, బూట్లలో కుక్కిన పల్చటి కాగితం 12, సందుల్లో నింపే కాగితం 18. మొత్తం జతకు 300 గ్రాముల కాగితం, అట్ట. ఇంతవరకు సాఫీగానే సాగింది. టేపు ముక్క పెట్టాడు. కాటా సున్నా చూపించింది.

“అన్నయ్యా, టేపుకు బరువు లేదట.”

“లేకపోవడమేంట్రా! ఇంకో ముక్క పెట్టు.”

ఇంకోటి పెట్టినా సున్నాయే. వంటింటి కాటాలు రెండు మూడు గ్రాములను చాలాసార్లు గుర్తించవు. దానికి విడి ముక్కను తూచకూడదు. రోలును తూచి, 20 పెట్టెలు అతికించి, మళ్లీ రోలును తూచాలి. 412 గ్రాముల రోలు 352కి దిగింది. 60 గ్రాములను 20తో భాగిస్తే పెట్టెకు 3 గ్రాములు. చిరునామా పౌచ్‌లు పది కలిపి పెడితే 30 గ్రాములు, అంటే ఒక్కోటి 3. జతకు 6 గ్రాముల ప్లాస్టిక్ తేలింది. ఏడాదికి 170 జతలకు కాగితం 51 కిలోలు, ప్లాస్టిక్ 1.02 కిలోలు.

మధ్యలో తమ్ముడికి పొదుపు ఆలోచన ఒకటి వచ్చింది. అటక మీద పాత పెట్టెలున్నాయి, ఇదివరకే ఒకసారి వాడినవి, వాటికి మళ్లీ డబ్బెందుకు? జర్మనీలో ఆ పెట్టెకు ఇంతకుముందే డబ్బు కట్టారన్న రుజువు చూపగలిగితే అక్కర్లేదు. అటక మీది పెట్టె జర్మనీ ముఖమే చూడలేదు. అక్కడి లెక్కలో అది కొత్త పెళ్లికూతురే.

అసలు ఘోరం ఆ రాత్రి జరిగింది. అన్న రెండుచోట్లా ఫారం నింపుతూ, కిలోలకు గ్రాములు కూడా చూపిస్తే నిజాయతీగా ఉంటుందని మూడు సున్నాలు చేర్చి 51.000 అని కొట్టాడు. ప్లాస్టిక్ దగ్గర 1.020. జర్మన్ రాతలో దశాంశానికి వాడేది కామా. చుక్క వేలను విడదీయడానికి. అంటే అక్కడ 51.000 అంటే యాభై ఒక్క వేలు. 170 జతల బూట్లకు 51 టన్నుల అట్ట, టన్ను మీద 20 కిలోల ప్లాస్టిక్! జతకు 300 కిలోల పెట్టె. ఆ పెట్టెను తలుపు దాకా మోసుకెళ్లే కొరియర్ కుర్రాణ్ణి తలుచుకుంటే జాలేస్తుంది.

వేల యూరోల ఇన్‌వాయిస్ వచ్చింది. అది చాలదన్నట్టు ఇంకో తలనొప్పి: ఏడాదిలో కాగితం, అట్ట 50,000 కిలోలు దాటిస్తే, పంపినదంతా లెక్కలో చూపామని చెప్పే ‘సంపూర్ణతా ప్రకటన’ ఇవ్వాలి. గాజుకైతే ఆ గీత 80,000 కిలోలు, ప్లాస్టిక్, లోహం వగైరాలకు కలిపి 30,000. దాన్ని రిజిస్టర్లో పేరున్న ఆడిటర్ చేత తనిఖీ చేయించి, మరుసటి ఏడాది మే 15 లోపు దాఖలు చేయాలి. పెద్ద పెద్ద ఫ్యాక్టరీలకు పెట్టిన గీతను ఇద్దరు అన్నదమ్ములు ఒక చుక్కతో దాటేశారు, అదీ ఇంకా వెయ్యి కిలోలు మిగిలేలా.

దిద్దుబాటుకు ఒక వరస ఉంది. ముందు ద్వంద్వ వ్యవస్థ దగ్గర అంచనా సవరించి, వాళ్ల నుంచి కొత్త ధ్రువీకరణ తీసుకోవాలి. ఆ కాగితంలో ఉన్న అంకెనే లూసిడ్‌లో దిద్దాలి. అన్న కంగారులో లూసిడ్‌ను ముందు దిద్దాడు. కొన్నాళ్లపాటు ఒకచోట 51 కిలోలు, ఒకచోట 51 టన్నులు. ఏది నిజమని అడుగుతూ ఉత్తరం రాకముందే రెండోది కూడా దిద్దడం అదృష్టం.

డబ్బా గొడవ తీరింది కదా అని తమ్ముడు పేజీ శీర్షికలో హుషారుగా ‘ఎల్‌ఈడీ’ అని చేర్చాడు. రెండోరోజుకు పేజీ మళ్లీ మాయం. అడుగులోనే హంసపాదు అంటే ఇదే. 2018 ఆగస్టు 15 నుంచి జర్మనీలో లైటున్న బూటు విద్యుత్ పరికరం. లైటు బిగించిన బీరువా కూడా అంతే. విద్యుత్ పరికరాల రిజిస్టర్ వేరు, స్టిఫ్టుంగ్ ఇ.ఎ.ఆర్ అనే సంస్థది. దాని నంబరు ‘డీఈ’ తర్వాత 8 అంకెలే. అన్న అక్కడ 13 అంకెల డబ్బా నంబరు పెట్టి చూశాడు, పట్టలేదు. చివరి ఐదు అంకెలు కొట్టేసి కూడా చూశాడు. ఆ ప్రయత్నం గురించి ఎక్కువ మాట్లాడుకోకపోవడమే మర్యాద.

ఈ రిజిస్టర్ ముందు డబ్బా రిజిస్టర్ పసిపిల్ల. జర్మనీలో కార్యాలయం లేనివాడు అక్కడ ఉన్న అధీకృత ప్రతినిధిని పెట్టుకోవాలి. నమోదు ఒక్కో బ్రాండ్‌కు, ఒక్కో రకం పరికరానికి విడివిడిగా. ఇళ్లల్లో వాడే పరికరమైతే, అమ్మినవాడు రేపు దివాలా తీసినా చెత్త ఖర్చుకు లోటు రాకుండా హామీ చూపాలి. నెలనెలా ఎన్ని కిలోల పరికరాలు పంపారో చెప్పాలి. నంబరు పేజీలోనూ బిల్లు మీదా కనబడాలి. ఇంటూ గీత కొట్టిన చెత్తడబ్బా గుర్తు వేయాలి. 2023 జూలై 1 నుంచి ఇది కూడా చూడటం మార్కెట్‌ప్లేస్‌ల పనే. బూటు మడమలో గుండీ బ్యాటరీ ఉంది కాబట్టి బ్యాటరీలకు ఇంకో నమోదు. వెరసి జర్మనీలో ఒక జత బూట్లకు మూడు రిజిస్టర్లు. నడిచేది రెండు కాళ్లతోనే.

“పోనీ కటింగ్ ప్లేయర్‌తో లైట్లు పీకేద్దామా అన్నయ్యా? రెండు రిజిస్టర్లు తగ్గుతాయి.”

చట్టరీత్యా అది మంచి సలహాయే. వ్యాపారరీత్యా, అవి కొంటున్నదే లైట్ల కోసం.

ఫ్రాన్స్ సంగతి టూకీగా: 2020 నాటి చట్టం ప్రకారం 2022 జనవరి నుంచి అక్కడి మార్కెట్‌ప్లేస్‌లు కూడా నంబరు అడుగుతున్నాయి, ఒక్కో రకం సరుకుకు ఒక్కోటి. నంబరులో అడ్డగీత తర్వాతి రెండంకెలు అది దేనిదో చెబుతాయి. ప్యాకింగ్‌కు 01, బట్టలు, బూట్లకు 11. జర్మనీలో ఇంకా లేని బూట్ల రిజిస్టర్ ఫ్రాన్స్‌లో ఉందన్నమాట. అన్న 01 నంబరునే అన్ని గళ్లలో నింపాడు. ఒక గడి మాత్రమే పచ్చబడింది, మిగతావి ఎర్రగా అలాగే చూస్తూ ఉన్నాయి.

తర్వాత గుర్తులు. ఫ్రాన్స్‌కు, చెత్తను వేరుచేసి వేయాలని చెప్పే ట్రైమన్ గుర్తు, ఏ ముక్క ఏ డబ్బాలో వేయాలో చెప్పే బొమ్మ. 2023 జనవరి నుంచి ఇటలీకి పదార్థం కోడ్, ముడతల అట్టకైతే ‘పాప్ 20’. తమ్ముడు ఇంటర్నెట్‌లో దొరికిన ఆకుపచ్చ బాణాల గుర్తు కూడా అందంగా ఉందని వేయించబోయాడు. అది ‘గ్రీన్ డాట్’, ట్రేడ్‌మార్క్. లైసెన్స్ లేకుండా వేయకూడదు, జర్మనీలో అది తప్పనిసరి కాకుండా పోయి కూడా 2009కే అయిపోయింది. మిగతా గుర్తులన్నీ ఒక స్టిక్కర్ మీద వేయించి అతికించారు. అతికించాక తెలిసింది, స్టిక్కర్ కూడా ప్యాకింగే. మళ్లీ కాటా.

ఏది ప్యాకింగో, ఏది కాదో హద్దులు గీసినవాళ్ల ఓపికను మెచ్చుకోవాలి. చొక్కాతో పాటు వచ్చే హ్యాంగర్ ప్యాకింగ్, విడిగా కొన్న హ్యాంగర్ కాదు. అగ్గిపెట్టె ప్యాకింగ్.

“అన్నీ తూచాం. ఇక డబ్బాలో మిగిలింది గాలే. దానికీ ఏమైనా ఉందా?” అన్నాడు తమ్ముడు వెటకారంగా.

ఉంది. 2026 ఆగస్టు 12 నుంచి వర్తించే ఐరోపా కొత్త ప్యాకేజింగ్ నిబంధనల్లో, ఆన్‌లైన్ పార్సెళ్లలో ఖాళీ జాగా సగానికి మించకూడదనే షరతు ఉంది. అది 2030కి ముందు అమల్లోకి రాదు. కానీ సందుల్లో కుక్కిన కాగితాన్ని, బుడగల షీటును కూడా ఖాళీ కిందే లెక్కేస్తారు. డబ్బు కట్టేటప్పుడు కాగితం, కొలిచేటప్పుడు గాలి.

ఇక్కడ తమ్ముడికి మొదటిసారి పనికొచ్చే ఆలోచన తట్టింది. బయటి అట్టపెట్టె, నింపే కాగితం తీసేసి బూట్ల డబ్బా మీదే చిరునామా అతికిస్తే? జతకు 178 గ్రాములు తగ్గాయి. ఏడాదికి 51 కిలోలు కాస్తా 20.74 కిలోలైంది. ఈసారి అన్న కామా పెట్టి, స్క్రీన్‌కు ముక్కు ఆనించి మూడుసార్లు చూసుకుని మరీ పంపాడు. మూడు రిజిస్టర్లూ ఒప్పుకున్నాయి. పేజీ తెరుచుకుంది. మర్నాడే ఆర్డరొచ్చింది.

వారం తర్వాత రివ్యూ వచ్చింది: “బూట్లు చక్కగా ఉన్నాయి. లైట్లు వెలుగుతున్నాయి. డబ్బా నలిగింది. ఒక్క స్టార్.”