రంగు డబ్బా పక్కన పెట్టండప్పా

పాత బీఎంఎక్స్ సైకిలు, అదే మట్టిదిబ్బలెక్కి దూకే చిన్న చక్రాల సైకిలు, చేతికి రాగానే మనవాళ్లు చేసే మొదటి పని స్ప్రే డబ్బా కొనడం. తర్వాత ఉప్పుకాగితం పట్టుకుని ఫ్రేమును తెల్లగా గీకేయడం. ఆపైన ‘అప్పుడు, ఇప్పుడు’ అని రెండు ఫోటోలు పక్కపక్కన పెట్టి పోస్టు చేయడం. లైకులు పడతాయి, సందేహం లేదు. ఆ సైకిలెక్కి మా అనంతపురంలో సప్తగిరి సర్కిల్ నుంచి టవర్ క్లాక్ దాకా పోయిరమ్మంటే మాత్రం పోదు. పెడలు తొక్కితే టక్కుటక్కు, హ్యాండిలు తిప్పితే గరగర, బ్రేకు నొక్కితే దేవుడే దిక్కు. దీన్ని రీస్టోర్ చేయడం అంటే నేను ఒప్పుకోను. అది పెళ్లిచూపులకు పౌడరు కొట్టడం.

ఈమధ్యే మొదటిసారి ఒక పాత బీఎంఎక్స్ విప్పి మళ్లీ బిగించాను. ఆ ధైర్యంతోనే రాస్తున్నా. గుత్తిలో మా చిన్నాయన ఇంట్లో మిద్దె మెట్ల కింద పడి ఉండింది. గుజిరీ అంగడికి వేద్దామని చూస్తున్నారు, అదీ కిలో లెక్కన. ముందు గొట్టం మీద బ్రాండు బిళ్ల ఎప్పుడో ఊడిపోయింది, రివెట్లు దిగిన రంధ్రాలు మాత్రం ఉన్నాయి. ఏ కంపెనీదో చెప్పే దిక్కు లేదు. దాంతో నాకు మంచే జరిగింది. ‘ఒరిజినల్ స్టిక్కర్లు’ ఎక్కడ దొరుకుతాయా అని నెలల తరబడి వెతికే పీడ తప్పింది.

ముందు మన ఊరి వాతావరణం గురించి చెప్పాలి, ఎందుకంటే దీని మీదే సగం పని ఆధారపడి ఉంది. అనంతపురం జిల్లాలో ఏడాదికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్లు. రైతుకు అది శాపమే. పాత ఇనుముకు మాత్రం వరం. విశాఖలోనో మచిలీపట్నంలోనో అన్నేళ్లు మెట్ల కింద పడుంటే ఉప్పుగాలికి గొట్టాలు లోపల్నుంచి తినేసుండేవి. మా సైకిలుకు పైపైన ఎర్ర దుమ్ములాంటి తుప్పే కానీ లోపల ఇనుము ఇనుములాగే ఉంది. ఇక్కడ సైకిలును చంపేది వాన కాదు, ఎండ. టైర్లు పగుళ్లు బారి, గ్రిప్పులు జిగటకు తిరిగి, సీటు కవరు అప్పడంలా విరిగిపోయింది. అడ్డగొట్టానికి చుట్టిన స్పాంజి దిండు పట్టుకుంటే పొడిపొడి. అంటే మన సీమలో పాత సైకిలు బాగుచేయాలంటే ఖర్చు రబ్బరు మీద, గుడ్డ మీద, స్పాంజి మీద. ఇనుము మీద కాదు. మరి ఫ్రేమునెందుకు గీకుతున్నారప్పా?

తుప్పుకు నేను వాడింది నిమ్మకాయ రసం, చింతపండు పులుసు, సిగరెట్టు పెట్టెలో ఉండే వెండి రేకు. నవ్వకండి. క్రోమియం పూత చాలా గట్టిది, అల్యూమినియం దానికన్నా మెత్తన. అందుకే రేకును ఉండ చుట్టి నీళ్లలో ముంచి రుద్దితే తుప్పు పోతుంది, పూత మీద గీత పడదు. పుల్లటివాటిలో నానబెట్టిన నట్లు, బోల్టులను మాత్రం వెంటనే కడిగి, తుడిచి, నూనె పట్టించాలి. లేదంటే ఒక్క పూటలో మళ్లీ ఎర్రబడతాయి. కొందరు బాత్రూము కడిగే యాసిడ్ పోస్తున్నారు. దయచేసి ఆ పని చేయొద్దు. ఆ యాసిడ్ తుప్పుతోపాటు క్రోమియాన్ని కూడా తినేస్తుంది. హ్యాండిలు నల్లబడ్డాక మళ్లీ పూత వేయించడానికి ఎక్కడికి పోతారు?

ఇంక అసలు పని. సైకిలు తిరిగేది బేరింగు గుండ్ల మీద. ముందు చక్రం నడిమి హబ్బులో ఒక్కో పక్క 3/16 అంగుళం గుండ్లు పది, వెనక హబ్బులో పావు అంగుళం గుండ్లు తొమ్మిది, ఇది మామూలు లెక్క. హ్యాండిలు తిరిగే చోట ఇంకా చిన్నవి. వాటి చుట్టూ ఉండాల్సిన గ్రీజు అన్నేళ్లకు బంకమట్టిలా గట్టిపడి ఉంటుంది. కిరసనాయిలుతో కడిగి, గుండ్లు దొర్లే కప్పులూ, వాటిని లోపల్నుంచి నొక్కి ఉంచే కోన్లూ వెలుతురులో తిప్పి చూడాలి. గుంటలు పడితే మార్చాలి, నునుపుగా ఉంటే కొత్త గుండ్లు, కొత్త గ్రీజు చాలు. గుండ్లు చాలా తక్కువ ధరకే వస్తాయి. సైకిలు మొత్తంలో ఇంత తక్కువ ఖర్చుకు ఇంత తేడా కనిపించే పని ఇంకోటి లేదు. ఫోటోలో కనపడదు కాబట్టి ఎవరూ చేయరు, అంతే.

విప్పేటప్పుడు బలం కన్నా తెలివి కావాలి. ఎడమ పెడలు మర తిరగేసి ఉంటుంది. ఊడదీయాలంటే మామూలుగా బిగించే వైపు తిప్పాలి. ఇది తెలియక పైపు పెట్టి ఊగే మొనగాళ్లను చూశాను. ఇంక క్రాంకు, అంటే పెడళ్లు బిగించే ఇనుప చేయి సంగతి. అమెరికా బీఎంఎక్సులకు చాలావాటికి రెండు పక్కలా కలిపి ఒకే ముక్కగా వంచిన క్రాంకు ఉంటుంది. మన దేశంలో చేసినవాటికి చాలావరకు పెద్ద సైకిళ్లలాగే క్రాంకును ఇరుసుకు బిగించే కాటర్ పిన్ను. వీడియోల్లో వాళ్లు చిటికెలో క్రాంకు లాగేస్తుంటే చూసి, మన దాని మీద సుత్తె ఎత్తితే పని చెడినట్టే.

నేను సుత్తె ఎత్తలేదు. పాతూరులో మాకు తెలిసిన సైకిలు షాపు భాయ్ దగ్గరికి తీసుకుపోయాను. ఆయన వయసులో పెద్ద, మాటలో పొదుపు. పిన్నును చూసి “ఎన్నాళ్లాయప్పా దీనికి నూనె పడి?” అన్నాడు. ఆ రాత్రి డీజిలు పోసి వదిలేశాడు. పొద్దున క్రాంకు కింద ఒక ఇనుప గొట్టం ముక్క నిలబెట్టాడు. నట్టును పూర్తిగా తీయకుండా మర చివరకు సమంగా వదిలాడు.

“నట్టు ఎందుకు భాయ్, తీసేయొచ్చు కదా?” అన్నా.

“తీసి కొడితే మర చెదిరిపోతాది. చిన్న చిన్న దెబ్బలు కొట్టాకు. పిన్ను కదల్దు, గుండ్లు మాత్రం కప్పులో గుంటలు పెడతాయి. కొడితే ఒకటే కొట్టల్ల.”

ఒకటే కొట్టాడు. పిన్ను జారింది. దెబ్బ బలమంతా కింద గొట్టం ద్వారా నేలకు పోయింది, లోపలి గుండ్ల మీద పడలేదు. ఇంత చిన్న సూత్రాన్ని ఇంగ్లిష్ వీడియోల్లో పావుగంట మాట్లాడి చెప్తారు, ఈయన రెండు మాటల్లో చెప్పాడు. ఇలాంటివాళ్ల షాపులు ఒక్కొక్కటే మూతపడి మొబైల్ రీచార్జి కొట్లు అవుతున్నాయి. అట్లాస్ కంపెనీ తన సాహిబాబాద్ ఫ్యాక్టరీని 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడు ఆపేసిందని అప్పట్లో అందరూ బాధపడ్డారు. మన వీధిలో ఓవరాయిలింగ్ చేసే మనిషి షట్టరు దించితే మాత్రం ఎవరూ పోస్టు పెట్టరు.

చైను సంగతి ఇంకోటి. మన సింగిల్ స్పీడు చైనులో పిన్నుకూ పిన్నుకూ మధ్య అర అంగుళం. కాబట్టి ఏదో ఒక పిన్ను దగ్గర స్కేలు పెట్టి లెక్కిస్తే, ఇరవైనాలుగో లింకు చివర సరిగ్గా 12 అంగుళాలు రావాలి. 1/16 అంగుళం ఎక్కువొస్తే చైను మార్చాలి. 1/8 దాటితే వెనక చక్రానికి ఉండే పళ్ల చక్రం, అదే ఫ్రీవీలు, దాని పళ్లు కూడా అరిగిపోయి ఉంటాయి, రెండూ కలిపి మార్చుకోవాలి. స్కేలు ప్రతి ఇంట్లో పిల్లల బ్యాగులో ఉంటుంది. ఈ పరీక్ష చేయకుండా చైనుకు బంగారు రంగు కొట్టినవాళ్లు నాకు తెలుసు.

టైర్ల దగ్గర అంగడివాళ్లే మనల్ని తికమక పెడతారు. ‘ఇరవై అంటే ఇరవయ్యే కదన్నా’ అంటారు. కాదు. 20×1.75 అని చుక్కతో రాసిన టైరు 406 మిల్లీమీటర్ల రిమ్ముకు కూర్చుంటుంది. 20×1⅜ అని భిన్నంలో రాసింది 451 మిల్లీమీటర్లది. రెండూ ఇరవయ్యే, ఒకదాని మీద ఒకటి ఎక్కవు. టైరు పక్కన అచ్చులో ఈ అంకెలు ఉంటాయి, చదివి కొనుక్కోండి. ఇంకో సలహా, మన కంప ముళ్లకూ పల్లేరు కాయలకూ సన్నని టైర్లు ఆగవు. కాస్త లావుపాటి 2.125 పట్టే ఫోర్కు ఉంటే అదే వేసుకోండి.

ఇప్పుడు రంగు. వద్దనే నా మాట. ఫ్రేము మీద గీతలు, చొట్టలు, సగం చెరిగిన అక్షరాలు ఆ సైకిలుకు ఏం జరిగిందో చెప్తాయి. ఇల్లు కడుతున్న చోట ఇసుక కుప్ప మీద నుంచి ఎగిరి దూకిన గీతలు అవి. పాత స్టిక్కరు ఒకసారి గీకేస్తే మళ్లీ రాదు, కొత్త రంగు ఎప్పుడైనా వేసుకోవచ్చు. తొందరేముంది? పైగా గీకేటప్పుడు లేచే దుమ్ము మంచిది కాదు. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో 90 పాళ్లు, మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరులో గానీ అమల్లోకి రాలేదు. అంతకుముందు కాలపు సైకిలు రంగులో ఏముందో చూసుకోకుండా, పిల్లలు ఆడుకునే వాకిట్లో పొడి ఉప్పుకాగితంతో రుద్దడం నాకు భయమేస్తుంది. తప్పనిసరైతే తడిపి రుద్దండి, దుమ్మును ఆపే మాస్కు పెట్టుకోండి. నేను సబ్బునీళ్లతో కడిగి, మైనం పట్టించి వదిలేశా. ఇనుము బయటపడ్డ చోట మాత్రం పలచగా నూనె.

‘మరి ఒరిజినల్‌గా ఉంచాలంటే ఆ క్యారియరు కూడా ఉంచావా?’ అని మా బంధువొకాయన ఎత్తిపొడిచాడు. మంచి ప్రశ్నే. 1970 ప్రాంతాల్లో కాలిఫోర్నియా పిల్లలు మట్టిదారుల్లో మోటారుసైకిళ్లతో పోటీపడే మోటోక్రాస్ బండ్లవాళ్లను చూసి, ష్విన్ కంపెనీ స్టింగ్‌రే లాంటి చిన్న సైకిళ్లతో మట్టిదిబ్బలెక్కి దూకితే పుట్టింది బీఎంఎక్స్. మడ్‌గార్డు లేదు, స్టాండు లేదు, బరువు పెంచేది ఏదీ లేదు. అది మన ఊరికి వచ్చేసరికి నాయనలు దానికి మడ్‌గార్డు, స్టాండు, గంట, క్యారియరు అన్నీ బిగించారు. కొడుకు ఎగిరి దూకడానికి కొనలేదు కదా, బియ్యం మరకు పోవడానికి కొన్నారు. నేను క్యారియరు తీసేసి దాచా, స్టాండు ఉంచా. గోడకు ఆనించే అలవాటు నాకు లేదు. దీనికి శాస్త్రం ఏం లేదు, నా ఇష్టం.

‘పిల్లల సైకిలు, నలభై దాటినోడివి నీకెందుకురా’ అనేవాళ్లకూ ఒక మాట. 2008 బీజింగ్ ఒలింపిక్స్ నుంచి బీఎంఎక్స్ రేసింగుకు పతకాలు ఇస్తున్నారు. 2021లో జరిగిన టోక్యో ఆటల్లో గాల్లో విన్యాసాలు చేసే ఫ్రీస్టయిల్ కూడా చేరింది. ఆడేది పెద్దవాళ్లే. అయినా నేను ఒలింపిక్స్‌కు పోవడం లేదు. నా సైకిలుకు ముందు 44 పళ్ల చైన్ వీలు, వెనక 16 పళ్ల ఫ్రీవీలు, 20 అంగుళాల చక్రం. ఒక్క చుట్టు తొక్కితే 4.4 మీటర్లు పోతుంది. అదే 28 అంగుళాల పెద్ద సైకిలు 44కు 18తో దాదాపు ఐదున్నర మీటర్లు పోతుంది. అంటే సర్కిల్ దగ్గర ఆగి బయల్దేరేటప్పుడు తేలిక, ఆర్ట్స్ కాలేజీ ముందు తిన్నటి రోడ్డు మీద కాళ్లు గిరగిర. మోకాళ్లు నొస్తాయి. సీటు గొట్టం పొడవుది వేసుకుంటే తగ్గుతుంది.

‘ఆ డబ్బుకు కొత్తదే వచ్చేది కదా’ అని ఇంకొందరు. వస్తుంది. ముందు వెనక స్ప్రింగులు, అవి అసలు కదలవు. లావు టైర్లు, మోపెడంత బరువు, ఫ్రేము నిండా స్టిక్కర్లు. ఏడాది తిరగకముందే ఆ స్ప్రింగుల దగ్గర కిర్రుకిర్రు మొదలవుతుంది. దానికి స్పేరు పార్టు అడిగితే అంగడిలో అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. నా పాతదానికి గుండ్లు, చైను, బ్రేకు రబ్బర్లు, వాల్ ట్యూబు అన్నీ పెద్ద సైకిళ్లకు వాడేవే. తాడిపత్రిలోనైనా, కదిరిలోనైనా, ధర్మవరంలోనైనా దొరుకుతాయి. విదేశీ సైట్లలో వెతకాల్సిన పని ఒక్కదానికీ రాలేదు.

దొరకనిది ఒకటే, హ్యాండిలు ముందు అంకె రాసి పెట్టే ప్లాస్టిక్ ప్లేటు. దిండ్లు మాత్రం మా వీధిలో స్కూటరు సీట్లు కుట్టే అబ్బాయి రెగ్జిన్‌తో కుట్టిచ్చాడు, అచ్చం అలాగే ఉన్నాయి. ఆ ప్లేటు ఎవరింట్లోనైనా అటక మీద పడి ఉంటే చెప్పండి, వచ్చి తీసుకుపోతా. విరిగినదైనా ఫర్వాలేదు. రంగు కొట్టింది మాత్రం వద్దు.